ఆట ఆగని మైదానంలో పని: నిర్వహణ కార్మికుల భద్రత

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- ఒక కార్యకలాపం సాగుతూ ఉండగానే దాని పక్కన చేసే నిర్వహణ పనిలో ప్రమాదం ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
- రైలు పట్టాల పనిలో పాటించే రక్షణ పద్ధతిని గోల్ఫ్ మైదానం పనితో పోల్చగలుగుతారు.
- ఆటగాళ్ళకూ పనివాళ్ళకూ మధ్య సమయం మిగులును లెక్కకట్టి, పని క్రమాన్ని తయారుచేయగలుగుతారు.
- హెచ్చరిక కేక, హెల్మెట్ వంటివి ఎంతవరకు పనికివస్తాయో, ఎక్కడ చాలవో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

ఒక యంత్రాన్ని బాగుచేయాలంటే ముందు దాన్ని ఆపుతాం. బావిలో మోటారు చెడిపోతే ఫ్యూజు తీసిన తరువాతే చెయ్యి పెడతాం. ఇది అందరికీ తెలిసిన జాగ్రత్త. కాని కొన్ని చోట్ల పని చేయడానికి అసలు కార్యకలాపాన్ని పూర్తిగా ఆపరు. రోడ్డు మీద వాహనాలు పోతూనే ఉంటాయి, పక్కన గుంతలు పూడుస్తుంటారు. రైళ్ళు తిరుగుతూనే ఉంటాయి, పట్టాల మీద కంకర సర్దుతుంటారు. ఆట సాగుతూనే ఉంటుంది, మైదానంలో గడ్డి కోస్తుంటారు.

ఇలాంటి పనుల్లో ప్రమాదం కార్మికుడు చేసే పనిలోంచి రాదు. గడ్డి కోయడం ప్రాణం తీసే పని కాదు. ప్రమాదం పక్కన మరొకరు చేస్తున్న పనిలోంచి వస్తుంది. ఆ మరొకరికి ఈ కార్మికుడు కనిపించకపోవచ్చు, గుర్తులేకపోవచ్చు, కొన్నిసార్లు లెక్కలో లేకపోవచ్చు. ఈ పాఠంలో గోల్ఫ్ మైదానాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకుంటాం. అయితే మనలో చాలామంది గోల్ఫ్ మైదానం చూసి ఉండరు. అందుకని ముందుగా మనకు తెలిసిన చోటు నుంచి, అంటే చిత్తూరు జిల్లా గుడుపల్లె రైల్వే స్టేషన్ నుంచి మొదలుపెడదాం.

9.2 పట్టాల మీద పని: గుడుపల్లె పాఠం

గుడుపల్లె, జోలార్‌పేట – బెంగళూరు రైలు మార్గంలో కుప్పానికి పక్క స్టేషన్. 1864లో బెంగళూరు కంటోన్మెంటును జోలార్‌పేటతో కలిపిన మార్గమిదే. నేడు ఇది విద్యుదీకరించిన జంట మార్గం. నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్‌లో ఉంది. కుప్పం, గుడుపల్లె ప్రాంతాల నుంచి రోజూ బెంగళూరుకు పనికి వెళ్ళి వచ్చేవారు చాలామంది ఈ రైళ్ళనే నమ్ముకున్నారు. కాబట్టి మార్గాన్ని రోజుల తరబడి మూసి మరమ్మతు చేయడం సాధ్యం కాదు. రైళ్ళ మధ్య దొరికే ఖాళీలోనే పని జరగాలి.

మీరు కిటికీ పక్కన కూర్చుని ప్రయాణించి ఉంటే, నారింజ రంగు చొక్కాలు వేసుకుని పట్టాల పక్కకు జరిగి నిలబడిన మనుషులను చూసే ఉంటారు. జనం వారిని గ్యాంగ్‌మన్ అంటారు. రైల్వే ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్ అంటోంది. వారి జట్టు పెద్దను మేట్ అంటారు. వారిని కాపాడే ఏర్పాటును గమనించండి.

పట్టాను విప్పడం వంటి పెద్ద పని అయితే, ఆ భాగం మీదికి రైలును పంపకుండా ముందే సమయం కేటాయిస్తారు. దీన్ని బ్లాక్ అంటారు. అంతటితో వదిలేయరు. బ్రాడ్‌గేజ్ మార్గంలో అడ్డంకి ఉన్న చోటుకు 600 మీటర్ల దూరంలో పట్టాలకు అడ్డంగా ఎర్ర బ్యానర్ జెండా కడతారు. 1200 మీటర్ల దూరంలో, పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటొనేటర్లు పట్టా మీద బిగిస్తారు. ఇవి చక్రం కింద నలిగినప్పుడు పెద్ద శబ్దంతో పేలి డ్రైవర్‌ను హెచ్చరిస్తాయి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు సుమారు 30 మీటర్లు పోతుంది. అంటే 1200 మీటర్లు దాటడానికి దానికి 40 సెకన్లు పడుతుంది. బండి ఆపడానికి కావలసిన దూరాన్ని బట్టి ఈ ఏర్పాటు చేశారు.

ఇందులో మూడు సంగతులు ఉన్నాయి.

ఒకటి: రైలుకూ మనిషికీ మధ్య సమయాన్ని వేరుచేశారు.
రెండు: ఆగవలసిన బాధ్యత వచ్చే రైలు మీద పెట్టారు, పని చేసే మనిషి మీద కాదు.
మూడు: జెండా కట్టే మనిషి ఉద్యోగంలో ఎంత చిన్నవాడైనా, ఆ జెండా ముందు ఎంత పెద్ద రైలైనా ఆగాలి.

అయితే రైల్వేలో అన్ని పనులకూ ఇంత రక్షణ ఉండదు. చిన్న పనులకు రైలు నడుస్తుండగానే, ఒక మనిషిని కాపలా పెట్టి, అతడు ఈల వేయగానే పక్కకు తప్పుకోవాలనే పద్ధతి ఉంది. పట్టాల మీద పనిచేస్తూ రైలు తగిలి చనిపోయిన కార్మికుల వార్తలు మనం చదువుతున్నవి ఎక్కువగా ఇలాంటి సందర్భాలవే. జంట మార్గంలో ఇంకొక ముప్పు ఉంది. ఒక పట్టా మీద వచ్చే రైలుకు తప్పుకోబోయి పక్క పట్టా మీదికి అడుగుపెడతారు. అదే క్షణంలో ఆ పట్టా మీద ఇంకో రైలు వస్తుంది. మొదటి రైలు చప్పుడులో రెండోది వినిపించదు. ఈ 'పక్క పట్టా' ప్రమాదాన్ని గుర్తుపెట్టుకోండి. గోల్ఫ్ మైదానంలో మళ్ళీ ఎదురవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
బ్లాక్ తీసుకుని చేసే పనికీ, కాపలా మనిషి ఈల మీద ఆధారపడి చేసే పనికీ తేడా ఏమిటి? రెండింటిలో తప్పుకోవలసిన బాధ్యత ఎవరిది?

9.3 గోల్ఫ్ మైదానం: ఎవరు, ఏ పని చేస్తారు

గుడుపల్లె దాటితే బిసానత్తం, కామసముద్రం, తరువాత బంగారుపేట వస్తాయి. అక్కడి నుంచి ఒక శాఖ మార్గం కోలారు బంగారు గనుల వైపు వెళుతుంది. ఆ గనుల కాలనీలో బ్రిటిష్ కంపెనీల కాలంలోనే గోల్ఫ్ ఆడేవారు. ముఖ్య మార్గం చివర ఉన్న బెంగళూరులో 1876లోనే గోల్ఫ్ క్లబ్ ఏర్పడింది. మన రాష్ట్రాల్లో విశాఖపట్నంలోనూ, హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిల్లా దగ్గరా మైదానాలు ఉన్నాయి. కుప్పం వైపు నుంచి తోటపనికి, కాంట్రాక్టు పనికి బెంగళూరు వెళ్ళే మనిషికి ఇలాంటి మైదానంలో పని దొరకడం వింత కాదు.

పూర్తి మైదానంలో 18 భాగాలు ఉంటాయి. ఒక్కొక్క భాగాన్ని హోల్ అంటారు. ప్రతి హోల్‌లో ఆట మొదలుపెట్టే చదును చోటు టీ. అక్కడి నుంచి పొడవుగా సాగే గడ్డి బాట ఫెయిర్‌వే. చివర, గుంట ఉండే నున్నటి గడ్డి భాగం గ్రీన్. మధ్యలో ఇసుక నింపిన పల్లాలు ఉంటాయి, వాటిని బంకర్లు అంటారు. మొత్తం నడక సుమారు 6 కిలోమీటర్లు. స్థలం ఆదా కోసం చాలా ఫెయిర్‌వేలను పక్కపక్కనే, చాళ్ళలాగా వేస్తారు.

ఈ మైదానానికి రోజూ పని ఉంటుంది. గ్రీన్ మీద గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు మించకుండా దాదాపు రోజూ కోయాలి. బంకర్లలో ఇసుకను పళ్ళ కర్రతో సర్దాలి. గ్రీన్ మీద గుంట చోటు మార్చాలి. కలుపు ఏరాలి, నీటి పైపులు చూడాలి, చెట్ల కొమ్మలు కొట్టాలి. యంత్రాల మీద కొందరు పనిచేస్తారు. కలుపు తీత, ఊడ్పు వంటివి చేతి పనులు. వంగి, తల దించుకుని చేసే ఈ పనులకు ఎక్కువగా రోజు కూలీలనో కాంట్రాక్టు మనుషులనో పెడతారు. వారిలో ఆడవాళ్ళూ ఉంటారు. వీరిలో చాలామందికి ఆట నియమాలు తెలియవు. ఏ వైపు నుంచి బంతి వస్తుందో ఎవరూ చెప్పకపోతే వారికి తెలిసే దారి లేదు.

9.4 బంతి వల్ల ప్రమాదం ఎంత?

నియమాల ప్రకారం గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నిమ్మకాయంత వస్తువు ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. దాని వేగం చూడండి. టీ దగ్గర పొడవాటి కర్రతో కొట్టినప్పుడు మామూలు ఆటగాడి బంతి గంటకు 200 కిలోమీటర్లకు పైగా, వృత్తి ఆటగాడి బంతి సుమారు 270 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది.

గతిశక్తి ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుందని మీరు పాఠశాలలో చదివారు. గంటకు 210 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 58 మీటర్లు. ఆ వేగంతో పోయే గోల్ఫ్ బంతి శక్తి సుమారు 78 జౌళ్ళు. 160 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని శక్తి సుమారు 75 జౌళ్ళు. అంటే రెండూ దాదాపు సమానం. క్రికెట్‌లో ఆ బంతిని ఎదుర్కొనే బ్యాటరు హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని, బంతి వైపే చూస్తూ నిలబడతాడు. గోల్ఫ్ మైదానంలో కలుపు తీసేవారు బంతికి వీపు పెట్టి కూర్చుంటారు.

గాలి నిరోధం వల్ల దూరం పోయేకొద్దీ బంతి వేగం తగ్గుతుంది. వేగం సగమైతే శక్తి నాలుగో వంతు అవుతుంది. అందుచేత టీకి దగ్గరలో, కొంచెం పక్కగా ఉన్నవారికి తగిలే బంతి చాలా ప్రమాదకరం. దూరాన ఉన్నవారికి శక్తి తగ్గినా తల, కణత, కన్ను వంటి చోట్ల తగిలితే చాలు. బంతి వ్యాసం కంటి గుంట వెడల్పుకు ఇంచుమించు సమానం. అందువల్ల కంటికి తగిలిన గోల్ఫ్ బంతి చూపు పోగొట్టే అవకాశం ఎక్కువ.

బంతి ఎటు పోతుంది? అందరి షాట్లూ సూటిగా పోవు. కుడిచేతి ఆటగాళ్ళలో, ముఖ్యంగా నేర్చుకుంటున్నవారిలో, బంతి కుడి వైపుకు వంపు తిరిగి పోవడం సర్వసాధారణం. అంటే ఫెయిర్‌వేకు కుడి పక్కన ఉన్న పక్క ఫెయిర్‌వే మీద పనిచేసేవారికి ముప్పు ఉంది. వారు తమ ఫెయిర్‌వే టీ వైపు చూసుకుంటూ 'ఎవరూ లేరు' అనుకుంటారు. బంతి మాత్రం పక్క నుంచి వస్తుంది. ఇదే మనం గుడుపల్లె దగ్గర చూసిన పక్క పట్టా ప్రమాదం.

9.5 కేక ఎందుకు చాలదు?

గోల్ఫ్‌లో బంతి ఎవరి మీదికైనా పోతుంటే ఆటగాడు 'ఫోర్' అని గట్టిగా అరవాలన్నది పాత ఆచారం. 2018 వరకు అమలులో ఉన్న నియమ పుస్తకంలోని మర్యాద విభాగం, ముందున్న మైదానం సిబ్బందిని షాట్ కొట్టబోయే ముందే హెచ్చరించాలని ఆటగాళ్ళకు చెప్పింది. 2019 నుంచి వచ్చిన నియమాలు కూడా ఇతరుల భద్రతను చూసుకోవడం ఆటగాడి ప్రవర్తనలో భాగమంటున్నాయి. ఆచారం మంచిదే. అది చివరి రక్షణ మాత్రమే. ఎందుకో లెక్కతో చూద్దాం.

180 మీటర్ల దూరంలో పనిచేసే మనిషి దగ్గరకు బంతి చేరడానికి సుమారు ఐదున్నర సెకన్లు పడుతుందనుకోండి. బంతి దారి తప్పిందని ఆటగాడు గ్రహించి అరిచేసరికి 2 సెకన్లు గడుస్తాయి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఆ కేక చేరడానికి ఇంకో అర సెకను. మిగిలింది 3 సెకన్లు. ఈ మూడు సెకన్లలో కార్మికురాలు కేక వినాలి, అది తన కోసమేనని గ్రహించాలి, తల కాపాడుకోవాలి.

గడ్డి కోసే యంత్రం మీద ఉన్న మనిషికి ఆ కేక అసలు వినిపించదు. యంత్రం శబ్దం చెవి దగ్గర 90 డెసిబెళ్ళ దరిదాపుల్లో ఉండవచ్చు. చెవులు పాడవకుండా అతడు చెవి రక్షణ పెట్టుకుని ఉంటాడు, పెట్టుకోవాలి కూడా. అంటే ఒక ప్రమాదం నుంచి కాపాడే సాధనం రెండో ప్రమాదపు హెచ్చరికను మూసేస్తుంది. చెవి రక్షణ తీసేయమనడం దీనికి పరిష్కారం కాదు. హెచ్చరిక చెవికి కాకుండా కంటికి అందేలా చేయాలి. అంతకంటే ముందు, హెచ్చరిక అవసరమే రాని విధంగా పనిని అమర్చాలి.

ఇంకొక మాట. కేక వినగానే మనిషి సహజంగా తల ఎత్తి అటు చూస్తాడు. అప్పుడే ముఖం బంతికి ఎదురవుతుంది. కాబట్టి శిక్షణలో నేర్పవలసినది దీనికి తలకిందులు: కేక వినబడితే చూడవద్దు, వంగి రెండు చేతులతో తల, మెడ కప్పుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పై లెక్కలో మనిషి 120 మీటర్ల దూరంలో ఉండి, బంతి 4 సెకన్లలో చేరితే, తప్పించుకోవడానికి మిగిలే సమయం సుమారు ఎంత?

9.6 సమయాన్ని వేరుచేయడం: ఒక లెక్క

ప్రమాద నివారణలో మొదటి మెట్టు ప్రమాదాన్నే తొలగించడం. వారంలో ఒక రోజు మైదానం మూసి, చెట్లు కొట్టడం, పైపులు తవ్వడం వంటి పెద్ద పనులు ఆ రోజే చేయడం రైల్వే బ్లాక్ లాంటిది. రోజువారీ పనికి ఇది కుదరదు. అందుకని పొద్దున్నే, ఆటగాళ్ళ కంటే ముందు పనివాళ్ళు సాగిపోవాలి. ఇలా ముందుండడం ఎంతసేపు సాధ్యమో చూద్దాం.

ఒక జట్టు ఉదయం 6:00 గంటలకు 1వ హోల్ నుంచి గ్రీన్లు కోయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గ్రీన్‌కు, నడకతో కలిపి, 20 నిమిషాలు. మొదటి ఆటగాళ్ళు 7:00 గంటలకు 1వ టీ దగ్గర ఆట మొదలుపెట్టారు. ఒక్కొక్క హోల్‌కు వారికి 15 నిమిషాలు. ప్రతి హోల్‌లో పని ముగిసే సమయం, ఆటగాళ్ళు టీ దగ్గరకు వచ్చే సమయం, మధ్య మిగులు ఇలా ఉంటాయి:

1వ హోల్: పని ముగింపు 6:20 – ఆటగాళ్ళు 7:00 – మిగులు 40 నిమిషాలు
3వ హోల్: పని ముగింపు 7:00 – ఆటగాళ్ళు 7:30 – మిగులు 30 నిమిషాలు
6వ హోల్: పని ముగింపు 8:00 – ఆటగాళ్ళు 8:15 – మిగులు 15 నిమిషాలు
9వ హోల్: పని ముగింపు 9:00 – ఆటగాళ్ళు 9:00 – మిగులు లేదు
10వ హోల్: పని ముగింపు 9:20 – ఆటగాళ్ళు 9:15 – పని మధ్యలోనే ఆట

గంట ముందు మొదలుపెట్టామన్న ధీమా 9వ హోల్‌కు వచ్చేసరికి కరిగిపోయింది. ఒక్కొక్క హోల్‌కు మిగులు 5 నిమిషాల చొప్పున తగ్గుతూ వచ్చింది. 'జాగ్రత్తగా ఉండండి' అని జట్టుకు ఎన్నిసార్లు చెప్పినా ఈ లెక్క మారదు. ప్రమాదం పని క్రమంలోనే ఉంది.

రెండు జట్లు పెడదాం. చాలామంది వెంటనే చెప్పే జవాబు: చెరి 9 హోల్స్. అలా చేస్తే మొదటి జట్టు 9వ హోల్ దగ్గర 9:00కు పని ముగిస్తుంది, అదే నిమిషానికి ఆటగాళ్ళు టీ మీద ఉంటారు. మిగులు లేదు. సమానంగా పంచడం వేరు, సురక్షితంగా పంచడం వేరు.

మొదటి జట్టుకు 1 నుంచి 6 వరకు, రెండో జట్టుకు 7 నుంచి 18 వరకు ఇచ్చి చూడండి. ఇద్దరూ 6:00కే మొదలుపెడతారు. మొదటి జట్టు 8:00కు ముగిస్తుంది, అతి తక్కువ మిగులు 15 నిమిషాలు. రెండో జట్టు 7వ గ్రీన్‌ను 6:20కి, 18వ గ్రీన్‌ను 10:00కు ముగిస్తుంది. ఆటగాళ్ళు 18వ టీకి 11:15కు వస్తారు. ఎక్కడా మిగులు 15 నిమిషాలకు తగ్గదు. ముందు ముగించిన మొదటి జట్టును మైదానం వెలుపలి పనులకు పంపవచ్చు.

ఈ లెక్కకు సూర్యుడు కూడా ఒప్పుకోవాలి. మన ప్రాంతంలో జూన్‌లో 6 గంటలకు ముందే తెల్లవారుతుంది, డిసెంబరులో సూర్యోదయం సుమారు 6:30కు. చలికాలంలో కూడా 7:00కే ఆట మొదలుపెట్టాలంటే పనివాళ్ళు చీకట్లో యంత్రాలు నడపాలి. అప్పుడు మార్చవలసినది ఆట మొదలయ్యే సమయం. అలాగే మొదటి ఆటగాళ్ళను 10వ టీ నుంచి పంపే రోజున ఈ క్రమం పూర్తిగా తలకిందులవుతుంది. కాబట్టి ఆట పట్టిక తయారుచేసే కార్యాలయం, పని పట్టిక తయారుచేసే పర్యవేక్షకుడు ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకోవాలి.

9.7 చోటునూ చూపునూ సరిచేయడం

సమయాన్ని పూర్తిగా వేరుచేయలేని పనులు ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. వాటికి ఈ నియమాలు వర్తిస్తాయి.

1. ఆటగాళ్ళు వచ్చే టీ వైపు ముఖం పెట్టి పని చేయాలి. యంత్రమైతే వీలైనంతవరకు టీ వైపు నడుపుతూ కోయాలి, వెనుదిరిగే సమయాన్ని తగ్గించాలి.

2. బంకర్‌లోకి దిగిన మనిషి ఆటగాడికి కనిపించడు. గట్టు మీద పొడవాటి కర్రకు ఎర్ర జెండా కట్టి పాతిన తరువాతే దిగాలి. పైకి వచ్చి, దూరం జరిగిన తరువాతే తీయాలి.

3. గుట్ట అవతల గ్రీన్ ఉంటే అక్కడ గంట కట్టే ఆచారం గోల్ఫ్‌లో ఉంది. ముందున్న ఆటగాళ్ళు ఖాళీ చేశాక గంట కొడతారు. పనివాళ్ళు లోపల ఉన్నంతసేపూ ఆ గంట మోగకూడదన్న నియమం పెట్టాలి.

4. ముగ్గురికి మించి కూర్చుని చేసే చేతి పనిలో ఒకరిని కాపలాకే కేటాయించాలి. ఆ మనిషికి ఇంకో పని అప్పగించకూడదు. పక్క ఫెయిర్‌వే వైపు చూడడం కూడా ఆమె పనే.

5. మెరిసే రంగు చొక్కా తప్పనిసరి. పచ్చని గడ్డి మీద ఆకుపచ్చ యూనిఫారం వేసుకున్న తోటపనివారు దూరానికి కనిపించరు. యూనిఫారం రంగు ఎంచుకునేటప్పుడు అందం కంటే ఇది ముఖ్యం.

6. పక్క ఫెయిర్‌వే నుంచి తరచు బంతులు వచ్చే చోటును గుర్తించి వల కట్టాలి లేదా చెట్లు పెంచాలి. ఎప్పుడూ ఆ మార్గంలో తిరిగే కోత యంత్రానికి ఇనుప జాలీ బిగించాలి.

9.8 ఆపే అధికారం ఎవరిది?

ఇప్పుడు పాఠంలోని ముఖ్యమైన ప్రశ్నకు వచ్చాం. పట్టాల మీద ఎర్ర జెండా పాతిన మనిషి ముందు రైలు ఆగుతుంది. మైదానంలో రోజు కూలికి వచ్చిన మనిషి క్లబ్బు సభ్యుడిని చూసి, "సార్, కాస్త ఆగండి, మేము పక్కకు వెళ్ళాక కొట్టండి" అనగలదా? నియమాలు ఎన్ని రాసినా, ఈ మాట అనలేని పరిస్థితి ఉంటే అవి కాగితం మీదే ఉంటాయి. ఆమె మాట్లాడకుండా తప్పుకోవడానికే ప్రయత్నిస్తుంది. ఆటగాడు ఆమె తప్పుకుంటుందిలే అనుకుంటాడు. ఇద్దరి మౌనం మధ్య బంతి గాలిలోకి లేస్తుంది.

కాబట్టి ఆపే అధికారాన్ని మనిషి ధైర్యానికి వదలకూడదు. దాన్ని ఒక గుర్తుకు ఇవ్వాలి. ఎర్ర జెండా కనిపిస్తే ఆ హోల్‌లో షాట్ కొట్టకూడదు, అంతే. జెండా పాతినది పర్యవేక్షకుడా, కలుపు తీసే మనిషా అన్న ప్రశ్న రాకూడదు. ఈ నియమాన్ని సభ్యులకు రాతపూర్వకంగా తెలపాలి, మొదటి టీ దగ్గర బోర్డు మీద రాయాలి, ఉల్లంఘించినవారి మీద చర్య తీసుకోవాలి.

ఆట ఆపడం గోల్ఫ్‌కు కొత్త కాదు. పిడుగులు పడే సూచన ఉంటే నిర్వాహకులు ఒక దీర్ఘమైన సైరన్ మోగిస్తారు. అప్పుడు ఆటగాళ్ళు వెంటనే ఆగాలి. ఆగకపోతే పోటీ నుంచి తొలగించే నియమం కూడా ఉంది. రెండు చిన్న సైరన్లు మోగితే ఆట మళ్ళీ మొదలవుతుంది. ఆటగాళ్ళ ప్రాణం కోసం ఆట ఆగగలిగినప్పుడు, పనివాళ్ళ ప్రాణం కోసం రెండు నిమిషాలు ఆగడం అసాధ్యం కాదు.

చేతి సైగల విషయంలో ఒక జాగ్రత్త. పనివాళ్ళు చెయ్యి ఊపితే కొందరు ఆటగాళ్ళు 'కొట్టండి' అని అర్థం చేసుకుంటారు, కొందరు 'ఆగండి' అని. సైగలు రెండే ఉండాలి: రెండు చేతులూ తల పైన అడ్డంగా పెడితే ఆగాలి, సురక్షితమైన చోటుకు చేరి, యంత్రం ఆపి, ఒక చెయ్యి నిటారుగా ఎత్తితే కొట్టవచ్చు. ఏ సైగా లేకపోతే ఆగాలనే అర్థం.

9.9 హెల్మెట్ స్థానం

ప్రమాద నివారణ సాధనాలను ఒక క్రమంలో చూస్తారు: ప్రమాదాన్ని తొలగించడం, పద్ధతి మార్చడం, వల వంటి నిర్మాణ ఏర్పాట్లు, పని నియమాలు, చివరగా వ్యక్తిగత రక్షణ సామగ్రి. చాలాచోట్ల ఈ క్రమం తలకిందులుగా నడుస్తుంది. హెల్మెట్ కొనిచ్చి భద్రత అయిపోయిందనుకుంటారు.

హెల్మెట్ తప్పక ఉండాలి. అయితే మనదేశంలో ఐఎస్ 2925 ప్రమాణం ప్రకారం తయారయ్యే పారిశ్రామిక హెల్మెట్ ముఖ్యంగా పై నుంచి పడే వస్తువుల కోసం ఉద్దేశించినది. పక్క నుంచి ముఖానికి, కణతకు, మెడకు వచ్చే బంతిని అది ఆపలేదు. వంగి పనిచేసేటప్పుడు గడ్డం పట్టీ లేకపోతే జారిపోతుంది. కంటి అద్దాలు, పట్టీ ఉన్న హెల్మెట్ ఇవ్వాలి, వాటి పరిమితిని కూడా కార్మికులకు చెప్పాలి. 'హెల్మెట్ ఉంది కదా' అని ఆటగాడు షాట్ కొడితే, రక్షణ సామగ్రే ప్రమాదానికి కారణమైనట్టు.

9.10 దెబ్బ తగిలితే

తలకు తగిలిన మనిషి వెంటనే లేచి నిలబడినా పనికి పంపవద్దు. వాంతి, మత్తు, తికమక, పెరిగే తలనొప్పి, చెవి లేదా ముక్కు నుంచి నీరో రక్తమో కారడం కనిపిస్తే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి. ఈ లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా రావచ్చు. కాబట్టి ఆ రాత్రి ఇంట్లో ఒంటరిగా వదలవద్దని కుటుంబానికి చెప్పాలి. కంటికి తగిలితే రుద్దవద్దు, నొక్కవద్దు, నీళ్ళు చల్లవద్దు. కంటిని తాకకుండా శుభ్రమైన కప్పు బోర్లించి పట్టీ వేసి కంటి వైద్యుడి దగ్గరకు చేర్చాలి.

బంతి తగలకుండా పక్కనుంచి పోయిన సంఘటనను కూడా తేదీ, సమయం, హోల్, బంతి వచ్చిన దిక్కుతో పుస్తకంలో రాయాలి. ఒకే చోట మూడుసార్లు తప్పిపోయిందంటే నాలుగోసారి తగలవచ్చు. వల ఎక్కడ కట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.

9.11 చట్టం ఏమంటుంది?

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోని 6వ సెక్షన్, గాయం లేదా వృత్తి వ్యాధి కలిగించే ప్రమాదాలు లేని పనిచోటు కల్పించడం యజమాని విధి అంటుంది. భద్రత కోసం చేసిన ఏర్పాటుకు కార్మికుడి నుంచి డబ్బు తీసుకోకూడదు. 14వ సెక్షన్ కార్మికుడికి భద్రత సమాచారం అడిగే హక్కునూ, తీవ్ర ప్రమాదం ముంచుకొస్తోందన్న సహేతుకమైన భయం ఉంటే యజమాని దృష్టికి తెచ్చే హక్కునూ ఇస్తుంది.

పని కారణంగా, పని సమయంలో గాయపడితే నష్టపరిహారం ఇవ్వాలన్న సూత్రం మన చట్టాల్లో 1923 నుంచి ఉంది. ఇందుకు యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. కాంట్రాక్టరు తెచ్చిన మనుషులకు కూడా మొదటి రోజే మైదానం చూపించి, బంతి వచ్చే దిక్కులు చెప్పాలి. ఆట పట్టిక కాంట్రాక్టరు చేతిలో ఉండదు, మైదానం నిర్వాహకుల చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఈ భద్రతను వారు కాంట్రాక్టరుకు వదిలేయడం కుదరదు.

9.12 సారాంశం

కార్యకలాపం ఆగకుండా పక్కనే చేసే పనిలో ప్రమాదం పక్కవారి పని నుంచి వస్తుంది. గుడుపల్లె మీదుగా పోయే రైలు మార్గంలో బ్లాక్, బ్యానర్ జెండా, డిటొనేటర్లు ఆగవలసిన బాధ్యతను రైలు మీద పెడతాయి. గోల్ఫ్ మైదానంలో కేక మీద ఆధారపడితే ఆ బాధ్యత కార్మికుడి మీద పడుతుంది, అతడికి మిగిలేవి మూడు సెకన్లు. పని క్రమాన్ని లెక్కతో అమర్చడం, కనిపించేలా చేయడం, ఎవరు పాతినా ఆట ఆగే ఎర్ర జెండా, ఆ తరువాతే హెల్మెట్. ఇదీ వరుస. ఈసారి రైలులో వెళ్ళేటప్పుడు పట్టాల పక్కన జెండా పట్టుకుని నిలబడిన మనిషిని చూస్తే, ఆ జెండా ఎవరిని ఆపుతోందో, ఎవరిని కాపాడుతోందో గమనించండి.

9.13 ముఖ్య పదాలు

బ్లాక్: పని కోసం రైళ్ళు రాకుండా కేటాయించిన సమయం.
మిగులు సమయం: ఒక హోల్‌లో పని ముగియడానికీ, ఆటగాళ్ళు ఆ టీకి చేరడానికీ మధ్య వ్యవధి.
పక్క పట్టా ప్రమాదం: ఒక వైపు ముప్పును గమనిస్తుండగా పక్క మార్గం నుంచి వచ్చే ముప్పు.

9.14 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. బ్లాక్‌లో రైలూ మనిషీ ఒకే సమయంలో అక్కడ ఉండరు. ఆగవలసిన బాధ్యత రైలుది. కాపలా పద్ధతిలో తప్పుకోవలసిన బాధ్యత కార్మికుడిది.
2. గ్రహించడానికి 2 సెకన్లు, ధ్వని చేరడానికి సుమారు 0.35 సెకను, మిగిలేది సుమారు 1.65 సెకన్లు.

9.15 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. హెచ్చరిక కేక చివరి రక్షణ మాత్రమే ఎందుకయిందో లెక్కతో వివరించండి.
2. ఒక్కొక్క గ్రీన్‌కు 25 నిమిషాలు పడితే, 9.6లోని మిగతా అంశాలు మారకుండా, ఒకే జట్టు ఉన్నప్పుడు ఏ హోల్ దగ్గర మిగులు మొదటిసారి 15 నిమిషాలకు తగ్గిపోతుంది? మీ పని క్రమాన్ని ప్రతిపాదించండి.
3. మీ ఊరిలో రోడ్డు, క్రీడా మైదానం, సంత వంటి చోట కార్యకలాపం ఆగకుండా జరిగే ఒక పనిని ఒక గంట గమనించండి. అక్కడ ఆపే అధికారం ఎవరికి ఉందో, లేకపోతే ఎవరికి ఉండాలో రాయండి.